మగ్గం గుంటలో మనిషి

అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఆడదు, పెద్దలు పెట్టిన సెలవు అది, ఆ ఒక్క రోజు ఎమ్మిగనూరులోని ఈ మగ్గాల వీధిలో కాకి అరిచినా అందరికీ వినిపిస్తుంది, పైగా ఇది శ్రావణం, సగం వీధి ఉరుకుంద ఈరన్న జాతరకు పోయింది, మిగిలిన సగం తిని పడుకుంది, మరి నా వీపు వెనక, నేను ఆనుకుని కూర్చున్న ఈ తలుపు అవతల, మగ్గం తొక్కుతున్న చప్పుడు ఎలా వస్తోంది? టక్. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్. దారం మోసే నాడె విసిరిన చప్పుడు లేదు, నూలు బిగించే పలక దెబ్బ లేదు, వట్టి కాలిచెక్క కిందికి పోయి పైకి వస్తోంది. ఆ మగ్గం మీద పడుగు నూలే లేదు, పాతది అయిపోయింది, కొత్తది ఇంకా ఎక్కించలేదు. లోపల ఉన్నది మా ఇంటాయన ఒక్కడే. ఊపిరి బిగబట్టి, వెన్నులో నిద్రపోతున్న పామును లేపుతున్నాడు. నేను బయట గడి పెట్టి కాపలా కూర్చున్నాను. ఆయన పిలిచేదాకా తీయకూడదు. తీసి ముట్టుకుంటే ప్రాణం పోతుందని మాధవరం స్వామి చెప్పాడు. తీయకపోతే ఏమవుతుందో మాత్రం ఆ స్వామి చెప్పలేదు. నేనూ అడగలేదు, అడగాల్సిన మాటలన్నీ నాకు ఆ మనిషి వెళ్ళిపోయాకే గుర్తొస్తాయి.

మధ్యాహ్నం ఎండ పంచలోకి దిగుతోంది, శ్రావణమైనా చినుకు లేదు, మిద్దె మీది మట్టి కాలి వాసన వస్తోంది. పామంట. మొదటిసారి ఆ మాట చెప్పినప్పుడు నేను జొన్నరొట్టె తడుతున్నాను, నవ్వొచ్చింది నాకు. "వెన్ను అడుగున మూడున్నర సుట్లు సుట్టుకోని పండుకోనుండాదంట, ఒక శక్తి. దాన్ని లేపితే వెన్నులోనే పైకి పాకి నెత్తికి పోతాదంట" అన్నాడు. "పండుకున్నప్పుడు లేపితే నాకే కోపమొస్తాది, పాముకు రాదా?" అన్నాను. ఆయన నవ్వలేదు. నా మాటకు ఆయన నవ్వకపోవడం పెళ్ళయినాక అదే మొదలు, నేను ఎన్ని తిట్టినా పెదవి చివర ఒక నవ్వు పెట్టుకుని వినే మనిషి. రొట్టె పెనం మీదే మాడింది. "అది నుదుటికాడికి వస్తే పోయినోల్లు కనపడతారంట" అన్నాడు, అప్పుడు అర్థమైంది నాకు, పాము కాదు, శక్తీ కాదు, వాళ్ళమ్మ. మా అత్త భీమమ్మ పోయినప్పుడు ఆయన నూలు కోసం ఆదోనిలో ఉన్నాడు, బస్సు దిగి వచ్చేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు. అప్పటి నుంచి వెతుకుతూనే ఉన్నాడు. మంత్రాలయం పోయాడు, తుంగభద్రలో మునిగాడు, అక్కడి నుంచి ఎవరో చెబితే మాధవరం గట్టు మీద పడిపోయిన మంటపంలో ఉండే ఆ స్వామి దగ్గరికి పోయాడు. ఒకసారి మా ఇంటికొస్తే నేనూ చూశాను, పసుపుపచ్చని ఒళ్ళు, పక్కన ట్రాన్సిస్టర్, కళ్ళల్లో రైలు తప్పిపోతుందేమోనన్నంత తొందర. "ఏండ్ల తరబడి చేసే పని నీకు మూడు అమావాస్యల్లో చేయిస్తా" అన్నాడంట. తొందరపడే గురువు దగ్గరికి తొందరపడే శిష్యుడు పోయాడు, బాగా కుదిరింది ఇద్దరికీ, మధ్యలో నేను గడి కాస్తున్నాను.

టక్. ఇప్పుడు కుడికాలు. ఆయన కాళ్ళ చప్పుడు నాకు తెలుసు, కుడికాలు కొంచెం బరువు, ఎడమకాలు జారి పడుతుంది, కొత్త కాపురంలో వంటింట్లో కూర్చుని ఈ చప్పుడుతోనే ఆయనకు కోపమో సంతోషమో కనిపెట్టేదాన్ని. స్వామి పద్మాసనం వేయమన్నాడు. పసితనం నుంచి మగ్గం కింది గుంటలోకి కాళ్ళు వేలాడేసి నేసిన మోకాళ్ళు అవి, మడత పడవు, బలవంతంగా వేస్తే కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆ సంగతి గురువుకు చెప్పడానికి సిగ్గు. అందుకని తనకు తెలిసిన ఒక్క ఆసనం వేసుకున్నాడు, మగ్గం ముందు కూర్చుని, కాళ్ళు గుంటలో పెట్టి, అరికాళ్ళు చెక్కల మీద. ఊపిరి తీసుకుంటే కుడికాలు, బిగబట్టి వదిలితే ఎడమకాలు. కాళ్ళకు అది అలవాటు, ఆయన చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున కాసేపు చేయమన్న పని, ఆ కాళ్ళు చెక్క మీద పెట్టిన ప్రతిసారీ మళ్ళీ మొదలవుతుందని ఎవరికి తెలుసు? పొద్దస్తమానం మగ్గం మీదే కదా ఆయన బతుకు. నేసినంతసేపూ ఊపిరి బిగుస్తూనే ఉంది, ఆయనకే తెలియలేదు. సాధన అయిపోయిందనుకుని లేచి సంగటి తిని మళ్ళీ పనిలో కూర్చునేవాడు, పనిలోనే అది సాగేది.

నాకు బట్ట చెప్పింది. ఒకరోజు వాకిట్లో ఎండకు పట్టుకుని చూస్తే జానెడు చిక్కగా ఉంది, తర్వాత కొంత జల్లెడలా పలచగా ఉంది, మళ్ళీ చిక్కగా, మళ్ళీ పలచగా. పలచన ఉన్నచోట ఆయన ఊపిరి తీసుకోలేదు, పలక దెబ్బ గట్టిగా పడలేదు. కిందికి పోయేకొద్దీ ఆ పలచని చోటు పొడుగవుతోంది. చేతిలో చీర పట్టుకుని నేను కూడా ఊపిరి బిగబట్టానని కాసేపటికి తెలిసింది, దాన్ని మడిచి బియ్యం డబ్బా వెనక పెట్టాను. అప్పటికే ఆయన ఒంట్లో వేడి మొదలైంది. నోరంతా పూసింది. చొక్కా వేసుకోలేడు. కన్ను మూతపడదు, మూతపడితే మెరుపులంట. "వీపు మీద ఎవురో నడుస్తాండారు, సూడు" అని తిరిగి కూర్చున్నాడు, నేను నూనె చేత్తో చూస్తుండగానే నడుము దగ్గర వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, తర్వాత కొంచెం పైన, తర్వాత ఇంకొంచెం పైన, ఒక్కొక్క పూసా ఎక్కుతూ మెడ దాకా పోయి ఆగిపోయాయి. నా చేతి నూనె చల్లబడింది. "ఏమన్నా కనపడిందా?" అన్నాడు. "చెమటకాయలు" అన్నాను. ఆ తర్వాత మా కోడి ఈ గది గడప దాటడం మానేసింది, నూకలు లోపల చల్లినా గడప మీద నిలబడి తల పక్కకు వంచి చూస్తుంది, రాదు.

టక్. ఈసారి మరీ ఆలస్యమైంది. ఎడమకాలా, కుడికాలా? తెలియలేదు, అంత మెల్లగా పడింది. నాకు పెద్దకడుబూరు నరసన్న గుర్తొస్తున్నాడు, వద్దనుకున్నకొద్దీ వస్తున్నాడు. అతనూ ఆ స్వామి శిష్యుడే, మా ఆయనకంటే ముందు. పోయిన సుగ్గిలో, పంట కోతలప్పుడు, ఆదోని మార్కెట్ యార్డులో చూశాను, వాళ్ళ తమ్ముడు పత్తి అమ్ముకోవడానికి వచ్చి ఇంట్లో వదిలిపెట్టలేక వెంట తెచ్చుకున్నాడు, పత్తి మూట బోరెం మీద కూర్చోబెట్టాడు. మంచి గట్టి మనిషి, బట్టలు శుభ్రం, క్రాపు దువ్వారు. నావైపు చూస్తున్నాడనుకుని పలకరించబోయాను. చూడటం లేదు. నా తలకు కొంచెం వెనక, కొంచెం పైన ఎవరినో చూసి తల ఊపుతున్నాడు, వాళ్ళు చెప్పేది వింటున్నట్టు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను, ఎవరూ లేరు, పత్తి దుమ్ము. పక్కన అతని పెళ్ళాం, నా వయసే, చేత్తో అరటిపండు ముక్కలు చేసి నోట్లో పెడుతోంది. "ఆ పొద్దు అర్ధపూట కూకున్నాడక్కా, లేయలేదు. ఏమప్పా ఏమప్పా అని పొద్దుగూకేదాంకా పిలిచినాను. తిరిగి సూడలేదు" అంది. ఏడవడం కూడా అయిపోయినట్టుంది ఆ పిల్లకు, కూర ఉడకలేదన్నట్టు చెప్పింది.

నా మొగుడు కూడా అలా అయితే నేను అరటిపండు ముక్కలు చేయను, ఆ స్వామి నెత్తి ముక్కలు చేస్తాను. ఇలా అనుకుంటే ధైర్యమొస్తుందేమోనని అనుకున్నాను, రాలేదు. బడేమా ఉంటే బాగుండు. పక్కింటి బడేబీని నేను అలాగే పిలుస్తాను, ఆమె నిన్ననే ఆదోనికి కూతురి కాన్పుకు పోయింది. వాళ్ళాయన నబీ సాబ్ వయసులో ఉన్నప్పుడు ఆదోనిలో ఒక పీరు గురువు దగ్గర ఊపిరి పట్టి దేవుడి పేరు తలచుకునే సాధన చేశాడంట. నేను చీర తీసి చూపించి చెప్పినప్పుడు గోడ మీద నుంచి వంగి ఆ పలచని చోట్ల వేలు పెట్టి చూసింది ఆమె. "నాకు శానా తెల్దు బేటీ. మా ఆయన సెప్పినేదే తెలుసు. వాల్ల పీర్ సాబ్ ఆకలితో కడుపు కాలినోన్ని కూకోనిచ్చేటోడు కాదంట. ఒక రేత్రి నిద్ర పోకపోతే, పో, పోయి సేను దున్నుకోపో, ఈడికి రావద్దు అని ఎల్లగొట్టేటోడంట. నెత్తికి కాక ఎక్కితే అంతా నిలిపేసి, గంజి తాగి, కాల్లు నీల్లల్ల పెట్టుకోని, పిల్లోల్లతో ఆడుకోవాల. ఒకేసారి గాదు, రోంత రోంత చేయాల. సబర్ గావాల దానికి, ఓపిక."

"నిలిపేయమంటే నిలపడే ఆయన. అమ్మను సూడాల అంటాడు."

"మా ఆయన గూడ వాల్ల నాయన్ను సూడాలని పోయినోడే" అంది బడేమా. "పీర్ సాబ్ ఏమన్నాడో తెలుసునా? నువ్వు ఆడికి పోతే మీ నాయన సంతోషపడడు, కొడతాడు అన్నాడంట." నవ్వి, ఆ నవ్వు మధ్యలో ఆపేసి నా చెయ్యి పట్టుకుంది. "తలుపుకు గడి పెట్టొద్దు. గడి పెట్టి చేసేది ఏదీ మంచిది కాదు. మనిషి రాకుంటే, నెత్తి ముట్టుకోవద్దు, జాడించొద్దు. కాల్లు పట్టుకో. పేరు పెట్టి పిలువు." నేను ఊఁ అన్నాను, ఈ రోజు గడి పెట్టి కూర్చున్నాను. ఎందుకు? ఆయన దండం పెట్టాడు నాకు, పొద్దున, స్నానం చేసి తడి పంచెతో. "ఇదే ఆఖరుది. మూడో అమావాస్య. అమ్మను ఒక్కతూరి సూస్తా, ఇంగ జన్మలో అడగను." మొగుడు దండం పెడితే ఏ ఆడది వద్దనగలదు? వద్దని ఉండాల్సింది. చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయి పది మందిలో కూర్చోబెట్టి ఉండాల్సింది.

చప్పుడు ఆగింది.

ఎప్పుడు ఆగింది? బడేమా చెయ్యి తలచుకుంటున్నప్పుడా? చెవి తలుపుకు ఆనించాను. చెక్క వెచ్చగా ఉంది. ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలో ఏదో ఉంది, లోపలి నుంచి కూడా ఎవరో చెవి ఆనించి నన్ను వింటున్నట్టుంది. వచ్చే టక్ కోసం నేను బిగబట్టిన ఊపిరి నాకే చాలక వదిలేశాను, మళ్ళీ తీశాను, మళ్ళీ వదిలాను, లోపల ఇంకా పడలేదు. ముట్టుకుంటే చస్తాడు అన్నాడు స్వామి. పెళ్ళాం చెయ్యి తగిలితే చచ్చేంత పెళుసు శక్తి ఏమి శక్తి? అనుకున్నాను, చెయ్యి మాత్రం గడి మీదే ఉంది. చస్తే నా చేతిలో చచ్చాడంటారు, వీధి అంటుంది, నేనూ అనుకుంటాను, ముసలిదాన్నై పోయేదాకా. తీయకపోతే, నిండా చావకుండా క్రాపు దువ్వించుకుని నా తల వెనక చూస్తూ కూర్చుంటాడు. ఏది మేలో నాకు తెలియదు. భయం నిజం, భయంతోనే తీశాను.

గోడలోని చిన్న కిటికీ, గవాచిలోంచి ఒక్క కట్ట వెలుగు గుంట పక్కన పడుతోంది, దానిలో దుమ్ము కదలడం లేదు. వాసన, సాంబ్రాణి కాదు, పూలు కాదు, ఎండిన నేల మీద మొదటి చినుకు పడ్డ వాసన, బయట చినుకు లేదు. ఆయన గుంట అంచు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు, గడ్డం రొమ్ముకు ఆనింది, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, తెల్లగుడ్లే ఉన్నాయి. పెదవి చివర ఆ నవ్వు ఉంది. ఇన్ని నెలలుగా నాకోసం రాని నవ్వు, అక్కడ ఎవరికోసమో పెట్టుకున్నాడు. నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. ముక్కు కింద వేలు పెట్టాను, గాలి లేదు. గుంటలోకి దిగాను, ఇన్నేళ్ళలో ఎప్పుడూ దిగలేదు నేను, నూలు కండెలు చుట్టి అందించడమే నా పని, లోపల నడుము దాకా చల్లగా ఉంది, బావిలో నిలబడ్డట్టు. రెండు పాదాలూ చెక్కల మీద నుంచి తీసి చేతుల్లోకి తీసుకున్నాను. మంచు, కానీ మడమ పక్కన నరం సన్నగా కొట్టుకుంటోంది. ఆయన చావలేదు. నేను ముట్టుకున్నాను, ఆయన చావలేదు, స్వామి అబద్ధం చెప్పాడు లేదా స్వామికీ తెలియదు.

"ఏమప్పా" అన్నాను. "ఇదో, నిన్నే. ఏమప్పా." తెల్లగుడ్లు కదిలాయి, నావైపు కాదు, మూలకు, నూలు కట్టలు పెట్టే మూలకు. నరసన్న పెళ్ళాం పొద్దుగూకేదాకా పిలిచిన పిలుపు ఇదే కదా. ఏమప్పా అంటే ఎవరు పలకాలి? వీధిలో ప్రతి ఆడదీ తన మొగుణ్ణి అలాగే పిలుస్తుంది, ఆ పోయిన చోట ఎంతమంది మొగుళ్ళు ఉన్నారో. పేరు పెట్టి పిలువు అంది బడేమా, ఆమెకు సులువు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని పుట్టింట్లో నాకు చెప్పి పంపారు. ఆసుపత్రిలో నర్సు మీ ఆయన పేరేమని అడిగితే బడేమా చేత చెప్పించాను, ఆ నర్సు నన్ను మూగదాన్ని అనుకుంది. నోరు తెరిచాను. నాలుక తిరగలేదు, అంగిట్లో అతుక్కుంది. ఇప్పుడు తగ్గడానికి ఆయన దగ్గర ఎంత ఆయుష్షు ఉందని?

"దేవేంద్రప్పా."

నా గొంతు నాకే కొత్త. ఆయన పలకలేదు. "దేవేంద్రప్పా!" గదిలో ఆ పేరు గోడకు తగిలి నా దగ్గరికే వచ్చింది. ఊరంతా అలాగే పిలుస్తుంది, సొసైటీలో, సంతలో, అది ఊరివాళ్ళ పిలుపు, ఊరు విడిచిపోయినవాడికి ఏం పని దానితో? అప్పుడు మా అత్త గొంతు వచ్చింది నాకు, ఆఖరి రోజు మంచం మీద, నా చెయ్యి కాదని, నీళ్ళు కాదని, వీధి వైపు ముఖం పెట్టి కొడుకును ఎలా పిలిచిందో, ఎన్నిసార్లు పిలిచిందో, ఆయన వినలేదు, నేను విన్నాను. పిలుస్తూనే పోయింది. ఆ పిలుపుకు ఎవరూ పలకలేదు, అది ఇంకా నా చెవిలోనే ఉంది. మొగుణ్ణి ఒరే అన్న ఆడదాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

"ఒరే దేవేంద్రా! రారా ఇంటికి!"

"వస్తాండానమ్మా" అన్నాడు. పెదవులు కదల్లేదు, పొట్టలోంచి వచ్చింది, చిన్నపిల్లవాడి గొంతు. ఆ తర్వాత ఊపిరి వదిలాడు, ఎంతకీ అయిపోని ఊపిరి, వదిలి, దగ్గి, మళ్ళీ తీశాడు, నా చేతుల్లో పాదాలు కొట్టుకున్నాయి. నల్లగుడ్లు కిందికి దిగాయి. నన్ను దాటి తలుపు వైపు చూశాడు. "అమ్మ పిలిచినాది" అన్నాడు. "విన్యావా? బయటనే ఉండాది. యాడ, యాడుండాది?" లేవబోయి పడబోతే నేను మోకాళ్ళు వాటేసి పట్టుకున్నాను. అవును, వచ్చిందప్పా, చూసి పోయింది, అని ఒక్క మాట చాలు, ఆ ముఖంలో వెలుగు అలాగే ఉండిపోతుంది. ఉండిపోయి రేపు మళ్ళీ ఇక్కడ కూర్చుంటుంది.

"మీయమ్మ రాలేదు" అన్నాను. "నేను పిలిచినాను. నేను, ఉచ్చీరమ్మను."

వెలుగు పోవడం చూశాను. కొంచెం కొంచెంగా పోయింది, నుదురు, చెంపలు, పెదవి. రెండోసారి కూడా ఆఖరి చూపు దక్కలేదు ఆయనకు, ఈసారి దక్కకుండా చేసింది నేను. గట్టిగా ఏడ్చాడు, వాళ్ళమ్మ పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. కాళ్ళు వదలకుండా గుంటలో నిలబడే ఉన్నాను, ఏడుపుతో పాటు ఆ పాదాలకు వేడి వస్తోంది, అరికాళ్ళ నుంచి పైకి. రెండూ నా రొమ్ముకు ఆనించుకుని ఉన్నాను, రెండు పాదాలూ, అప్పుడు నా మడమల పక్కన కుడి చెక్క మెల్లగా కిందికి పోయి, పైకి వచ్చింది. నేను తల దించి చూడలేదు. ఈ మగ్గం రేపే ఊడదీయిస్తాను, మూలకు మారుస్తాను, నెలరోజులు ఆయన చేత మట్టి మోయిస్తాను, గంజి తాగిస్తాను, బడేమాను అడుగుతాను. అవన్నీ రేపు.

ఏడుపు ఆగి ఎక్కిళ్ళు మిగిలాక నన్ను చూశాడు. నా తల వెనక కాదు, నన్నే చూశాడు, గుంటలో నిలబడ్డ పెళ్ళాన్ని.

"పేరు పెట్టి పిలిచినావా నన్ను?"

"పిలిచినాను. ఒరే అని గూడ అన్న్యాను. తిట్టుకో."

తిట్టలేదు. అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు, చుట్టూ చూశాడు, గోడ, గవాచి, ఖాళీ మగ్గం, అన్నీ ఉన్నాయో లేవోనని చూసుకున్నట్టు.

"ఇంగోతూరి పిలువు" అన్నాడు. "ఆడికే పోతాండాది మనసు. పిలువు."

ఈసారి వాళ్ళమ్మలాగా పిలవలేదు, ఊరివాళ్ళలాగా పిలవలేదు. వట్టి పేరు, నా గొంతుతో, మెల్లగా పిలిచాను. ఆయన నా ముఖం మీద నుంచి చూపు తీయకుండా ఆఁ అన్నాడు. మళ్ళీ పిలిచాను.